సాఫ్ట్‌వేర్ పని ఎందుకు లేటవుతుంది? పని నడిచే దారిని గీసి చూస్తే తెలిసే సంగతులు

మారేడ్‌పల్లి, తార్నాక, బోయిన్‌పల్లి, అల్వాల్ నుంచి రోజూ హైటెక్ సిటీ వైపు వెళ్లే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. ఆ పని గురించి ఇంట్లోవాళ్లకు తెలిసేది మాత్రం రెండు మూడు మాటలే. "అమ్మీ, ఈ రోజు రిలీజ్ ఉంది, ఇఫ్తార్‌కు రాలేను." "డెడ్‌లైన్ దగ్గర పడింది." "ఇంకో రెండు వారాలు పట్టేలా ఉంది." ఆ రెండు వారాలు రెండు నెలలు ఎందుకవుతాయో చాలాసార్లు ఆ మాట చెప్పిన ఉద్యోగికి కూడా పూర్తిగా తెలియదు.

దీన్ని తెలుసుకోవడానికి ఇంజనీర్లు వాడే పద్ధతి ఒకటుంది. ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో చూసినట్టే, ప్రోగ్రామ్ రాసే మనుషుల పని ఎలా నడుస్తుందో కూడా బొమ్మ గీసి, లెక్కవేసి చూస్తారు. దీన్ని సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ మోడలింగ్ అంటారు. పేరు పెద్దదిగా ఉన్నా విషయం కష్టమైనది కాదు. ఇంట్లో ఇంజనీరింగ్ చదివే పిల్లలున్నవాళ్లకు, ఐటీ ఉద్యోగంలో ఉన్నవాళ్లకు, దుకాణం కోసం యాప్ చేయించుకునే వ్యాపారులకు కూడా ఇది పనికొస్తుంది.

మోడల్ అంటే ఏమిటి?

ముందు సాఫ్ట్‌వేర్‌ను పక్కన పెట్టి ఒక దర్జీ షాపు సంగతి చూద్దాం. జనరల్ బజార్ దగ్గర ఓ షాపు ఉందనుకోండి. రంజాన్ మొదలయ్యింది, ఈద్ కుర్తాల ఆర్డర్లు రోజుకు 15 వస్తున్నాయి. కటింగ్ మాస్టర్ రోజుకు 20 కుర్తాలు కత్తిరించగలడు. కుట్టేవాళ్లు రోజుకు 12 కుట్టగలరు. కాజాలు తీసి గుండీలు వేసే మనిషి ఒక్కడే, అతను రోజుకు 8 మాత్రమే పూర్తి చేయగలడు.

ఈ నాలుగు అంకెలూ ఒక కాగితం మీద వరుసగా రాసి, మధ్యలో బాణాలు గీస్తే అదే మోడల్. ఎవరు ఏ పని చేస్తున్నారు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి ఏం వెళ్తోంది, ఏ వరుసలో వెళ్తోంది, ఎంత టైం పడుతోంది, ఎక్కడ ఆగుతోంది అనే ఐదు ప్రశ్నలకు జవాబు ఉంటే చాలు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రోజుకు 15 వస్తున్నాయి, 8 బయటికి వెళ్తున్నాయి. అంటే రోజుకు 7 కుర్తాలు షాపులోనే పేరుకుంటాయి. వాటిలో 3 కుట్టేవాళ్ల ముందు, 4 కాజా మనిషి ముందు. 10 రోజులు గడిచేసరికి 70 పెండింగ్. పదకొండో రోజు బట్ట ఇచ్చినవాళ్లకు "నాలుగు రోజుల్లో రెడీ భాయ్" అని యజమాని నమ్మకంగానే చెప్తాడు. కానీ ముందున్న 70 కుర్తాలు రోజుకు 8 చొప్పున బయటికి పోవాలంటేనే దాదాపు 9 రోజులు కావాలి.

ఇలా పెండింగ్ పనిని రోజువారీ పూర్తయ్యే పనితో భాగిస్తే ఎదురుచూపు ఎంతో తెలుస్తుంది. దీన్ని లిటిల్ సూత్రం అంటారు. జాన్ లిటిల్ అనే అమెరికా ప్రొఫెసర్ 1961లో దీనికి గణిత రుజువు ఇచ్చారు. బ్యాంకు క్యూ నుంచి ఆస్పత్రి ఓపీ దాకా, వచ్చే పనీ పోయే పనీ దీర్ఘకాలంలో సరితూగే చోట ఇది వర్తిస్తుంది. మన షాపులో పెండింగ్ ఇంకా పెరుగుతూనే ఉంది కాబట్టి ఆ 9 రోజులు ఇవాళ్టి లెక్క మాత్రమే, రేపు ఇంకాస్త పెరుగుతుంది.

ఇంకో సంగతి కూడా ఈ బొమ్మలో కనిపిస్తుంది. యజమాని కంగారుపడి ఇంకో కటింగ్ మాస్టర్‌ను పెట్టుకుంటే ఏమవుతుంది? కత్తిరించిన బట్ట గుట్టలు తగ్గవు, జీతం ఖర్చు పెరుగుతుంది, కుర్తాలు మాత్రం రోజుకు అవే 8. కాజాకు ఇంకో మనిషిని పెడితేనే ఫలితం. లేదంటే ఈద్‌కు సరిపడా రోజులు చూసుకుని "ఆర్డర్లు బంద్" బోర్డు పెట్టాలి. అనుభవం ఉన్న దర్జీలు ఏ పుస్తకం చదవకుండానే ఈ బోర్డు పెడతారు. సాఫ్ట్‌వేర్ టీమ్‌లలో ఇదే పద్ధతిని కాన్‌బాన్ పేరుతో వాడతారు. ఈ పేరు జపాన్‌లోని టయోటా ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. చేతిలో ఉన్న పని ఒక హద్దు దాటితే కొత్త పని మొదలుపెట్టకూడదన్నది అందులోని ముఖ్యమైన నియమం.

సాఫ్ట్‌వేర్ టీమ్‌లో కాజా మనిషి ఎవరు?

సాఫ్ట్‌వేర్‌లో బట్ట గుట్టలు కంటికి కనపడవు. అసలు కష్టం అదే. కస్టమర్ అడిగినదాన్ని ఒకరు రాసుకుంటారు, ఇంకొకరు డిజైన్ చేస్తారు, డెవలపర్లు కోడ్ రాస్తారు, ఒక సీనియర్ ఆ కోడ్‌ను చూసి ఓకే చేస్తాడు, టెస్టర్లు పరీక్షిస్తారు, ఆఖరున సర్వర్ మీదికి ఎక్కిస్తారు. చాలా టీమ్‌లలో ఆ సీనియర్ ఒక్కడే కాజా మనిషి. ఐదుగురు రాసిన కోడ్ అతని ముందు ఆగి ఉంటుంది. మధ్యాహ్నం మీటింగ్‌లు, సాయంత్రం అమెరికా కాల్స్, మిగిలిన టైంలో రివ్యూ.

ఒక పని మొదలై ముగిసేదాకా 12 రోజులు పట్టిందనుకుందాం. లెక్క తీస్తే చేతులు ఆడింది 2 రోజులే, మిగిలిన 10 రోజులు ఎవరి దగ్గరో ఎదురుచూసింది. ఇది తెలియని మేనేజర్ డెవలపర్‌తో "ఇంకా ఫాస్ట్‌గా రాయి" అంటాడు. డెవలపర్ రాత్రి 2 గంటల దాకా కూర్చుని రెండు రోజుల పనిని ఒక రోజులో చేస్తాడు. 12 రోజులు 11 అవుతాయి. ఆ ఒక్క రోజు కోసం అతని నిద్ర, ఆరోగ్యం, ఇంటి టైం పోతాయి. క్యూ ఎక్కడుందో గీసి చూసి ఉంటే ఇంకో మనిషికి రివ్యూ చేయడం నేర్పేవాళ్లు. ఉద్యోగి రాత్రిళ్లు కూర్చోవడం ఎప్పుడూ కష్టపడే తత్వానికి గుర్తు కాకపోవచ్చు. కొన్నిసార్లు అది ఎవరూ గీయని బొమ్మకు గుర్తు.

ఈ ఆలోచన ఎక్కడి నుంచి వచ్చింది?

1970లో విన్‌స్టన్ రాయిస్ అనే అమెరికా ఇంజనీర్ పెద్ద సాఫ్ట్‌వేర్‌లు ఎలా తయారు చేయాలో ఒక వ్యాసం రాశారు. అందులో అవసరాలు, డిజైన్, కోడింగ్, టెస్టింగ్ మెట్లు మెట్లుగా కిందికి దిగే బొమ్మ ఉంది. తర్వాత దానికే వాటర్‌ఫాల్ అని పేరు పడింది. ఆ వ్యాసంలో వాటర్‌ఫాల్ అనే మాటే లేదు. పైగా ఇలా ఒక్కసారి కిందికి దిగిపోతే ప్రమాదమని, వెనక్కి వచ్చి సరిదిద్దుకునే దారి ఉండాలని ఆయన అందులోనే హెచ్చరించారు. బొమ్మను తీసుకున్నవాళ్లు హెచ్చరికను వదిలేశారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో చాలామంది పిల్లలు ఆ మెట్ల బొమ్మనే బట్టీ పట్టి పరీక్ష రాస్తుంటారు.

1980ల్లో బ్యారీ బోమ్ స్పైరల్ మోడల్ చెప్పారు. ముందు ఏ విషయంలో ప్రమాదం ఎక్కువో దాన్ని చిన్నగా చేసి చూడాలి, తర్వాత ఇంకో చుట్టు తిరగాలి. 1987లో లియోన్ ఆస్టర్‌వైల్ అనే ప్రొఫెసర్ ఇంకో అడుగు ముందుకేసి, సాఫ్ట్‌వేర్ తయారీ పద్ధతి కూడా ఒక సాఫ్ట్‌వేర్ లాంటిదే అన్నారు. ప్రోగ్రామ్‌ను రాసి, నడిపి, తప్పులు వెతికి సరిచేసినట్టే పని పద్ధతిని కూడా రాసుకోవచ్చు, పరీక్షించవచ్చు, బాగుచేయవచ్చు అన్నది ఆయన వాదన. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి అజైల్ ప్రకటన చేశారు. చిన్న చిన్న ముక్కలుగా పని చేసి కస్టమర్‌కు చూపించడం, మార్పును ముందే లెక్కలోకి తీసుకోవడం ఇప్పుడు దాదాపు ప్రతి ఐటీ ఆఫీసులో వినిపించే మాటలు. స్ప్రింట్, స్టాండప్ అనేవి ఆ దారిలో వాడుకలోకి వచ్చినవే.

సికింద్రాబాద్ రిజర్వేషన్ కౌంటర్ చెప్పే సంగతి

ఈ విషయానికి మన ఊళ్లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఇప్పుడు ఫోన్‌లో నిమిషంలో అయిపోయే రైల్వే రిజర్వేషన్ ఒకప్పుడు రిజిస్టర్లలో చేత్తో రాసేవాళ్లు. ఏ రైలుకు ఆ కౌంటర్, ఏ క్లాసుకు ఆ క్యూ. 1980ల మధ్యలో ఢిల్లీలో కంప్యూటర్ రిజర్వేషన్ మొదలైంది. ఇంప్రెస్ అనే ఆ సాఫ్ట్‌వేర్‌ను ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ తయారు చేసింది. 1978లో ఐబీఎం మన దేశం నుంచి వెళ్లిపోయినప్పుడు దాని మెషీన్ల మరమ్మతు బాధ్యత తీసుకున్న సంస్థ ఇదే. సీఎంసీ పరిశోధన కేంద్రం సికింద్రాబాద్ సరోజినీ దేవి రోడ్డులో ఉండేది. పాతతరం ఇంజనీర్లకు ఆ చిరునామా బాగా గుర్తు.

ఢిల్లీ తర్వాత ముంబై, కోల్‌కతా, చెన్నై, సికింద్రాబాద్‌లలో కూడా కంప్యూటర్లు వచ్చాయి. కానీ ఐదు సెంటర్లు ఐదు వేర్వేరు దీవుల్లా ఉండేవి. ఇక్కడి నుంచి ముంబై వెళ్లే టికెట్ ఇక్కడ దొరికేది, అక్కడి నుంచి ఇంకో ఊరు వెళ్లే టికెట్ ఇక్కడి కంప్యూటర్‌లో ఉండేది కాదు. ఐదింటినీ కలిపే పనిని రైల్వే సొంత సంస్థ క్రిస్ తీసుకుంది. అది తయారు చేసిన సాఫ్ట్‌వేర్ పేరు కన్సర్ట్. దాన్ని మొట్టమొదట పెట్టింది 1994 సెప్టెంబర్‌లో, మన సికింద్రాబాద్‌లోనే. మిగిలిన సెంటర్లు ఒకదాని తర్వాత ఒకటి చేరి, 1999 ఏప్రిల్ నాటికి ఐదూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి.

దీన్ని ప్రాసెస్ కళ్లతో చూడండి. ఐదు సెంటర్లనూ ఒకే రాత్రి మార్చేసి ఉంటే, ఒక తప్పు దొర్లినా దేశమంతా టికెట్లు ఆగేవి. ఒక్క చోట పెట్టి, అక్కడ నిజమైన ప్రయాణికులతో, నిజమైన క్లర్కులతో నడిపి, తర్వాత ముందుకు వెళ్లడం వల్ల తప్పు జరిగినా దాని నష్టం ఒక్క సెంటర్‌కే పరిమితమవుతుంది. ఏ వరుసలో పని చేయాలి అన్నది ప్రోగ్రామ్ రాయడమంత ముఖ్యమైన నిర్ణయం. బొమ్మ గీస్తే ఈ వరుస ముందే కనపడుతుంది. గీయకపోతే సమస్య వచ్చాకే తెలుస్తుంది.

మనుషుల్ని పెంచితే పని తొందరగా అవుతుందా?

వలీమా దావత్‌లో వంటవాళ్లను పెంచితే బిర్యానీ తొందరగా అవుతుందని అనుకుంటాం. కొంతవరకు అవుతుంది కూడా. కానీ దమ్ మీద పెట్టిన దేగ్ పక్కన పదిమంది నిలబడినా దమ్ టైం తగ్గదు.

ఐబీఎంలో పెద్ద సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో రాసిన పుస్తకంలో ఒక మాట చెప్పారు. ఇప్పటికే లేటైన సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే అది ఇంకా లేటవుతుంది. కొత్తవాళ్లకు పని నేర్పేది పాతవాళ్లే, ఆ టైంలో పాతవాళ్ల పని ఆగుతుంది. పైగా మనుషులు పెరిగినకొద్దీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు చాలా వేగంగా పెరుగుతాయి. ఆరుగురు ఉంటే 15 జతలు, పదిమంది అయితే 45.

ఈ మాట అన్ని సందర్భాల్లో నిజమేనా అని లెక్కవేసి చూసినవారు తారిఖ్ అబ్దుల్ హమీద్. కైరోలో ఇంజనీరింగ్ చదివి, అమెరికాలోని ఎంఐటీలో 1984లో పిహెచ్‌డి పూర్తి చేసిన పరిశోధకుడు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు మొత్తాన్ని కంప్యూటర్‌లో నడిచే మోడల్‌గా తయారు చేశారు. మనుషులు చేరడం, వదిలేసి పోవడం, నేర్చుకోవడం, అలసిపోవడం, ఒత్తిడిలో తప్పులు చేయడం, ఆ తప్పులను సరిదిద్దడానికి మళ్లీ టైం పట్టడం, ఇవన్నీ అందులో ఉన్నాయి. స్టూవర్ట్ మ్యాడ్నిక్‌తో కలిసి రాసిన ఆ పుస్తకం 1991లో వచ్చింది. ఆయన తేల్చింది ఇది: లేటైన ప్రాజెక్టుకు మనుషుల్ని చేరిస్తే ఖర్చు పెరగడం ఖాయం, కానీ లేటు పెరగడం మాత్రం ప్రతిసారీ జరగదు. ఎప్పుడు చేర్చారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇది మనమే కాగితం మీద చేసి చూడొచ్చు. టీమ్‌లో ఆరుగురు ఉన్నారు. ఒక మనిషి ఒక వారం చేసే పనిని ఒక పాళ్లు అనుకుందాం. ఇంకా 60 పాళ్ల పని మిగిలి ఉంటే, ఆరుగురికి 10 వారాలు. ఇప్పుడు నలుగురు కొత్తవాళ్లను తెచ్చారు. మొదటి 4 వారాలు కొత్తవాళ్లు నేర్చుకోవడంలోనే ఉంటారు, నేర్పేందుకు పాతవాళ్ల టైంలో మూడో వంతు పోతుంది. అంటే వారానికి 4 పాళ్లే అవుతాయి, 4 వారాల్లో 16. మిగిలింది 44. ఆ తర్వాత పదిమందీ కలిసి, మాట్లాడుకునే టైం పోగా, వారానికి 8 పాళ్లు చేస్తారనుకుంటే ఐదున్నర వారాలు. మొత్తం తొమ్మిదిన్నర. అర వారం మిగిలింది. కానీ 60 పాళ్ల జీతంతో అయ్యే పనికి 95 పాళ్ల జీతం పోయింది.

అదే నలుగురిని ఇంకా ఆలస్యంగా, 30 పాళ్ల పని మిగిలి ఉన్నప్పుడు తెచ్చారనుకోండి. ఆరుగురే అయితే 5 వారాల్లో ముగించేవాళ్లు. కొత్తవాళ్లు వచ్చాక మొదటి 4 వారాల్లో 16 పాళ్లు, మిగిలిన 14 పాళ్లకు ఇంకో 1.75 వారాలు. మొత్తం 5.75 వారాలు. డబ్బూ పోయింది, టైమూ పోయింది. మనుషులు అవే, పని అదే, తేడా వాళ్లను చేర్చిన టైంలో ఉంది.

ఈ అంకెలు మనం వేసుకున్నవి, ప్రతి టీమ్‌కు వేరుగా ఉంటాయి. ముఖ్యమైనది అంకె కాదు, మేనేజర్ నిర్ణయం తీసుకునే ముందు ఈ లెక్క వేశాడా లేదా అన్నది. మన దేశంలో కొత్తగా చేరే ఫ్రెషర్లకు ఇది ఇంకా పెద్ద విషయం. ఆఖరి నిమిషంలో ప్రాజెక్టులో వేసి, నేర్పే టైం ఇవ్వకుండా, "పర్ఫార్మెన్స్ లేదు" అని రాస్తే ఆ తప్పు ఆ పిల్లాడిదా, లెక్క వేయనివారిదా?

లెవెల్ 5 సర్టిఫికెట్ ఏం చెప్తుంది, ఏం చెప్పదు?

1980ల చివర అమెరికా రక్షణ శాఖ నిధులతో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో నడిచే సంస్థ, కంపెనీల పని పద్ధతిని కొలిచే ఒక నిచ్చెన తయారు చేసింది. దాని వెనుక ముఖ్యుడు ఐబీఎంలో చాలాకాలం పనిచేసిన వాట్స్ హంఫ్రీ. ఈ నిచ్చెన పేరు సీఎంఎం. ఐదు మెట్లు. మొదటి మెట్టులో పని ఎవరి తెలివిని బట్టి వాళ్లది. రెండులో ప్రాజెక్టు ప్లాన్ ఉంటుంది. మూడులో కంపెనీ అంతటికీ ఒకే రాసుకున్న పద్ధతి ఉంటుంది. నాలుగులో అంకెలతో కొలుస్తారు. ఐదులో ఆ అంకెలు చూసి పద్ధతినే నిరంతరం బాగుచేసుకుంటారు. 1990ల్లో మన ఐటీ కంపెనీలు ఈ నిచ్చెన ఎక్కడానికి గట్టిగా ప్రయత్నించాయి. ఎక్కడో ఇండియాలో ఉన్న కంపెనీని అమెరికా కస్టమర్ నమ్మాలంటే ఏదో ఒక గుర్తు కావాలి. లెవెల్ 5 ఆ గుర్తు అయింది.

సత్యం కంప్యూటర్ సర్వీసెస్ 1987లో మొదలైంది. దాని రిజిస్టర్డ్ ఆఫీసు సికింద్రాబాద్ ఎస్పీ రోడ్డులోని మేఫెయిర్ సెంటర్‌లో ఉండేది. 1999లో లెవెల్ 5 సాధించింది. 2009 జనవరి 7న కంపెనీ చైర్మన్ రాసిన లేఖతో లెక్కల్లో చూపిన డబ్బులో చాలా భాగం నిజానికి లేదని బయటపడింది. లేఖలో చెప్పిన తేడా మొత్తం 7 వేల కోట్ల రూపాయలకు పైనే. 50 వేల మంది ఉద్యోగుల ఇళ్లలో ఆ నెల ఎలా గడిచిందో సికింద్రాబాద్, హైదరాబాద్‌లలో చాలా కుటుంబాలకు ఇప్పటికీ గుర్తే. ప్రభుత్వం పాత బోర్డును తొలగించి కొత్తది వేసింది, ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కంపెనీని తీసుకుంది.

మరి లెవెల్ 5 అబద్ధమా? అలా అనలేం. ఆ నిచ్చెన కొలిచింది కోడ్ రాసే, పరీక్షించే, అందించే పద్ధతిని. బ్యాంకు బ్యాలెన్సు నిజమా కాదా అన్నది ఆ బొమ్మలో లేనే లేదు. ఇంజనీర్లు తమ పని తాము చేస్తూనే ఉన్నారు. మోడల్ ఏ ప్రశ్న కోసం గీశారో ఆ ప్రశ్నకే జవాబిస్తుంది. గీతల బయట ఉన్నదాని గురించి అది మౌనంగా ఉంటుంది. ఆ మౌనాన్ని భరోసా అనుకోవడం చూసేవాళ్ల పొరపాటు. ఉద్యోగంలో చేరేటప్పుడైనా, పిల్లల పెళ్లి సంబంధం చూసేటప్పుడైనా, షేర్లు కొనేటప్పుడైనా, కంపెనీ గోడ మీద ఉన్న సర్టిఫికెట్ దేని గురించి అని అడగడం మంచిది.

నిజంగా జరిగేదాన్ని గీయడం ఎలా?

ఆఫీసుల్లో సాధారణంగా రెండు బొమ్మలుంటాయి. ఒకటి ఆడిట్ కోసం ఫైల్‌లో ఉండేది. ఇంకొకటి నిజంగా నడిచేది. ఫైల్‌లో "టెస్టింగ్ పూర్తయ్యాకే రిలీజ్" అని ఉంటుంది. నిజంలో శుక్రవారం సాయంత్రం ఫోన్ వస్తుంది, టెస్టింగ్ సగంలో ఉండగానే రిలీజ్ అయిపోతుంది. పనికొచ్చేది రెండో బొమ్మే.

అది గీయాలంటే పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. చిన్న టీమ్ అయితే ఇలా చేయొచ్చు:

1. గత నెలలో పూర్తయిన 20 పనులు తీసుకోండి. ప్రతి పని ఏ తేదీన ఎవరి చేతికి వచ్చింది, ఏ తేదీన వెళ్లింది రాయండి. జిరా లాంటి టికెట్ సిస్టమ్ ఉంటే ఈ తేదీలు అందులోనే దొరుకుతాయి.

2. ప్రతి మెట్టు దగ్గర చేసిన టైం, ఆగిన టైం వేరుచేయండి. ఎక్కువగా ఆగిన చోటు చుట్టూ గీత గీయండి.

3. వెనక్కి వచ్చిన పనులు లెక్కపెట్టండి. టెస్టర్ దగ్గర్నుంచి డెవలపర్‌కు తిరిగొచ్చిన ప్రతి పనీ రెండుసార్లు చేసిన పనే.

4. మనిషి రోజుకు 8 గంటలు కోడ్ రాస్తాడని వేసుకోవద్దు. మీటింగ్‌లు, కాల్స్, మెయిళ్లు తీసేస్తే మిగిలేదే వేయండి. శుక్రవారం జుమా నమాజ్ టైం, రంజాన్ నెల సాయంత్రాలు, దసరా, సంక్రాంతి సెలవులు ముందే క్యాలెండర్‌లో తెలిసిన సంగతులే. వాటిని ప్లాన్‌లో పెట్టకుండా తర్వాత "మీవాళ్లు లీవులు ఎక్కువ పెడతారు" అనడం లెక్క తప్పే గానీ మనుషుల తప్పు కాదు.

5. ఒకే ఒక్క మార్పు చేసి రెండు వారాలు చూడండి. ఐదు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు.

పెద్ద సంస్థల్లో ఇదే పనిని కంప్యూటర్‌తో చేస్తారు. సిస్టమ్‌లో నమోదైన తేదీలు, టైంలు తీసుకుని నిజమైన దారిని అదే గీసిపెడుతుంది. దీన్ని ప్రాసెస్ మైనింగ్ అంటారు. నెదర్లాండ్స్ ప్రొఫెసర్ విల్ వాన్ డెర్ ఆల్స్ట్ దీనికి పునాది వేసినవారిలో ముఖ్యులు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఈ అంకెలతో పనిని కొలవాలి, మనిషిని కాదు. "నువ్వు ఎన్ని టికెట్లు మూశావు" అని ఒక్కొక్కరినీ అడగడం మొదలైతే, జనం చిన్న చిన్న టికెట్లు తెరిచి మూసేస్తారు. అంకె బాగుంటుంది, పని అలాగే ఉంటుంది. బొమ్మ మళ్లీ అబద్ధమవుతుంది.

మన ఇళ్లకు, మన దుకాణాలకు

ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరంలో ఉన్న అబ్బాయిలు, అమ్మాయిలు, అమీర్‌పేటలో కోర్సు చేస్తున్నవాళ్లు కాలేజీ ప్రాజెక్టునే దీనికి వాడుకోవచ్చు. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టులో ఏ పని ఎక్కడ ఎన్ని రోజులు ఆగిందో రాసిపెట్టుకోండి. ఇంటర్వ్యూలో "వాటర్‌ఫాల్‌కు, అజైల్‌కు తేడా ఏంటి" అని అడిగితే బట్టీ జవాబు కంటే మీ సొంత అంకెలతో చెప్పిన జవాబు ఎక్కువ బరువుంటుంది.

దుకాణానికి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, హోటల్‌కు ఆర్డర్ యాప్, ట్రావెల్స్‌కు వెబ్‌సైట్ చేయించుకునేవాళ్లు అడ్వాన్స్ ఇచ్చేముందు కొన్ని ప్రశ్నలు అడగండి. పని ఎన్ని మెట్లలో జరుగుతుంది? రెండు వారాలకోసారి నడిచే ముక్క చూపిస్తారా? చూపిన ముక్కకు మాత్రమే డబ్బు తీసుకుంటారా? పరీక్షించేది ఎవరు, రాసినవాళ్లేనా, వేరేవాళ్లా? ఇప్పుడు మీ చేతిలో ఇంకా ఎన్ని ప్రాజెక్టులున్నాయి? ఆఖరి ప్రశ్న అందరికంటే దర్జీకి బాగా అర్థమవుతుంది. ముగ్గురున్న టీమ్ చేతిలో తొమ్మిది ప్రాజెక్టులుంటే మీ కుర్తా ఎక్కడ వేలాడుతోందో ఊహించుకోవచ్చు. సోర్స్ కోడ్, సర్వర్ పాస్‌వర్డ్ పని పూర్తయ్యాక మీ చేతికి వస్తాయని కాగితం మీద రాయించుకోండి. చెన్నై, బెంగళూరులో పెద్ద కంపెనీకి పని ఇచ్చినా, పక్క గల్లీ కుర్రాడికి ఇచ్చినా ఈ ప్రశ్నలు మారవు.

ఇక ఇంట్లో పెద్దవాళ్లకు. బిడ్డ మూడు నెలలుగా రోజూ రాత్రి ఆలస్యంగా వస్తుంటే "ఎందుకు లేట్" అని అడిగితే విసుక్కుంటారు. "మీ పని ఎవరి దగ్గర ఆగుతోంది" అని అడిగి చూడండి. జవాబు ఒక పేరుగా వస్తే అక్కడ క్యూ ఉంది, దానికి మందు ఉంది. "ఏమో, అన్నీ అలాగే ఉన్నాయి" అని వస్తే ఆ టీమ్‌లో ఇంకా ఎవరూ కాగితం, పెన్ను తీసుకోలేదని అర్థం. ఆ కాగితం తీసుకునేవాళ్లు టీమ్‌లో ఒక్కరున్నా చాలు. అందుకు పర్మిషన్ అక్కర్లేదు, పోస్టు అక్కర్లేదు. గత నెల 20 పనుల తేదీలు ఉంటే మొదలుపెట్టొచ్చు.